మా మరిది ఊదని రెండో పరీక్ష

మా మరిది పోయాడు. ఉగాది దాటిన వారం, తెల్లవారాక, దవాఖానలో, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను. కానీ కోపం దాచుకుని చెప్పడం నాకు చేతకాదు.

ఆయన బొగ్గు బావిలో కార్మికుడు. నేను బడిలో లెక్కలు చెప్పినదాన్ని. నన్ను ‘పంతులమ్మ వదినె’ అనేవాడు. గోదావరిఖనిలో మా రెండు క్వార్టర్లూ ఒకే బ్లాకులో, మాది పైన, వాళ్ళది కింద. నా భర్త పోయిన తర్వాత మా ఇంటికి గ్యాస్ బండ వస్తే ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు. భుజాన వేసుకుని మెట్లెక్కేవాడు. వద్దంటే, “నేనుండంగ ఇంకొకడెందుకు వదినె? బావిల పనిజేసినోనికి బండ ఒక లెక్కా?” అనేవాడు. ఆ మేలు నేను మరిచిపోలేదు.

ఒకరోజు బండను మొదటి మెట్టు దగ్గరే దించి కూలబడ్డాడు. ఛాతీ కొలిమితిత్తిలా ఆడుతోంది.

“దవాఖానకు నడువు” అన్నాను.

“నడుం పట్టింది వదినె, గంతే.”

“పట్టింది నడుమైతే ఛాతి ఎందుకు ఎగురుతున్నది?”

“మెల్లగ అను! దమ్మొస్తున్నదని ఒక్కనికి తెలిసినా, కొడుకుకు నౌకరి ఇప్పిద్దామని అన్‌ఫిట్ నాటకం ఆడుతుండు అంటరు.”

ఇది మా బొగ్గు ఊళ్ళకు పట్టిన జబ్బు. పని చేయలేనంత జబ్బుపడితే ఇంట్లో ఒకరికి ఉద్యోగం వస్తుందని, దగ్గినవాణ్ణల్లా ఎగతాళి చేస్తారు. ఆ ఎగతాళికి భయపడి మగవాళ్ళు ఊపిరి బిగబట్టుకుని తిరుగుతారు.

ఆ నెలలోనే కాలనీ హాలులో ఊపిరి పరీక్షలు పెట్టారు. సూది లేదు, ఎక్స్‌రే లేదు. గుప్పిట్లో పట్టే ప్లాస్టిక్ గొట్టం ఒకటి, ఊదితే దాని పక్కనున్న ముల్లు కదులుతుంది. నేనే లాక్కుపోయాను. షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు అక్కడ పందెం పెట్టుకుంటున్నారు, ఎవరి ముల్లు ఎంత దూరం పోతుందోనని.

బావిలో బీడీ వెలిగించకూడదు, అందుకని తంబాకు నములుతారు. దాన్ని దూరంగా ఉమ్మడంలో మా మరిదిని మించినవాడు లేడు. గొట్టంలోనూ అదే పని చేశాడు. బుగ్గలు బిగించి, నాలుకతో ఒక్క దెబ్బ. ముల్లు ఎగిరిపోయింది.

“గిదీ దమ్మంటే! మా బావ ఊదితే ఫ్యాన్లు గూడ తిరుగుతయ్!” అని ఆయన దోస్తు ఈల వేశాడు. హాలంతా చప్పట్లు.

నర్సు మాత్రం నవ్వలేదు. “కాకా, గట్ల ఉమ్మినట్టు కాదు. నిండ పీల్చి, ఆగకుంట ఊదాలె. ఇంకో మిషనున్నది, ఆరు సెకన్లు ఊదేది. ఇటు రా.”

ఆమె చెప్పింది సరైన మాట. లోపలి దారులు ఇరుకైనవాడికి గాలి సన్నగా, ఆలస్యంగా బయటికి వస్తుంది. ఆపకుండా ఊదితే అది దొరికిపోతుంది.

“గెలిసినోన్ని మళ్ళ పరీక్ష రాయమంటవా బిడ్డా?” అంటూ ఈయన చెప్పులేసుకున్నాడు. నేను తలుపు దగ్గర అడ్డం నిలబడ్డాను.

“ఊది పో.”

“ఫస్టు క్లాసు వచ్చింది పంతులమ్మ వదినె, ఇగ బెత్తం పక్కన పెట్టు.” అందరూ నవ్వుతుండగా నా పక్కనుంచి దూరిపోయాడు.

ఆ పరీక్ష పోయిన ఊపిరిని తెచ్చిపెట్టదని నాకు తెలుసు. మిగిలినదాన్ని కాపాడుకునే దారి చూపేది. పీల్చే మందు, దుమ్ము లేని పని, పైకొచ్చాక కాల్చే బీడీలు మానడం. ఆయన మాత్రం ముల్లు ఎగిరిన ముచ్చట చెప్పుకుంటూ రెండు చలికాలాలు, పడుకుంటే ఊపిరి ఆడక, కూర్చునే నిద్రపోయాడు. చివరికి దవాఖానలో ఊదమంటే ఊదడానికి ఏమీ మిగల్లేదు. “వదినె, గప్పుడే…” అని ఆగాడు. మిగతాది చెప్పడానికి గాలి చాలలేదు. నేనూ పూరించలేదు.

పదకొండో రోజు దాటాక, ఈల వేసిన ఆ దోస్తు పరామర్శకు వచ్చాడు. మెట్లెక్కి, “బంగారమసొంటి…” అని ఆగి, తలుపు పట్టుకుని, “మనిషి, అక్కా” అన్నాడు.

నేను కుర్చీ వేయలేదు. చెప్పులేసుకున్నాను.

“ఏడికక్కా?”

“దవాఖానకు, నువ్వు ఊదనీకి.”

“నాకేమైంది? దుఃఖంల ఉన్న, గంతే.”

“దుఃఖంల ఉంటే మెట్లెక్కంగనే దమ్మొస్తదా? నడువు.”

దారిలో ఒక గాజుల దుకాణం ముందు ఆగిపోయాడు. వేలాడుతున్న ఎర్ర గాజులను, ఆకుపచ్చ గాజులను, కొనడానికే వచ్చినట్టు చూస్తున్నాడు. భుజాలు పైకీ కిందికీ పోతున్నాయి. దుకాణం పిల్ల “ఏ సైజు కాకా?” అని అడిగింది. ఆయన ఊపిరి అందక, ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. నేను ఎండలో పక్కనే నిలబడ్డాను. తొందరపెట్టలేదు. వెనక్కి మాత్రం తిరగనివ్వలేదు.