చెయ్యెత్తి చెప్పు

మా ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంటు లేస్తోంది. పునాదికి అడ్డొచ్చిన బండను పొద్దున్నుంచీ మిషన్లతో కోస్తున్నారు. గోపన్‌పల్లిలో ఇదేం కొత్త సంగతి కాదు. దుమ్ము వస్తోందని అందరూ కిటికీలు బిగించుకుంటే నేను బాల్కనీ తలుపు బార్లా తెరుచుకుని నిలబడ్డాను. రాయి పగిలిన చోట ఒక వాసన వస్తుంది, నిప్పు లేకుండానే ఏదో మాడినట్టు. అది మా నాయిన చొక్కా వాసన. ఎంత ఉతికినా పోయేది కాదు. ఆయన పోయి నలభై ఏళ్ళు దాటాయి. ఇప్పటికీ ఆ వాసన తగిలితే నాకు ముందు కోపం వస్తుంది, ఆ తర్వాతే ఏడుపు.

మా నాయిన పేరు రాములు. బండ కొట్టేవాడు. ఇప్పుడు ఆఫీసు బస్సులు బారులు తీరే గచ్చిబౌలి చుట్టుపక్కల, డెబ్బైల మొదట్లో, గుట్టలూ సీతాఫలం పొదలూ తప్ప పెద్దగా ఏమీ ఉండేవి కావు. కొంచెం ఎడంగా ద్రాక్షతోటలు. ఆ పందిళ్ళకు కర్ర గుంజలు పనికిరావు, చెదలు పడతాయి. రాతి గుంజలు నాటాలి. వాటిని కడీలు అంటాం. నిలువెత్తు కడీని వంకర లేకుండా బండలోంచి విడదీయడం మా నాయిన పని. ఆ ద్రాక్షపళ్ళు తిన్నవాళ్ళెవరికీ ఆయన పేరు తెలియదు. అందుకే పేరుతో మొదలుపెట్టాను.

ఆ పనిలో బలం సగమే, మిగతా సగం చెవి. బండ మీద గీత గీసి, గీత పొడవునా గుంటలు తొలిచి, వాటిలో ఇనుప చీలలు దించి, ఒకదాని తర్వాత ఒకటి సమ్మెటతో కొట్టుకుంటూ పోవాలి. మొదట చీల మొద్దుగా పలుకుతుంది. బిగిసేకొద్దీ గొంతు సన్నబడుతుంది. అన్ని చీలలూ ఒకే గొంతుతో పలికాయంటే చెయ్యి ఆపాలి. ఆపి, ఒక బీడీ కాల్చేంత సేపు ఊరుకుంటే బండ తనంతట తానే విచ్చుకుంటుంది. తొందరపడి ఇంకో దెబ్బ వేస్తే కడీ అడ్డంగా విరుగుతుంది. "బండకు జర టైమియ్యాలె బిడ్డా. మనం కొట్టింది అది లోపట ఆలోచన జేసుకుంటది," అనేవాడు.

గుట్టను పేల్చే తూటాల మోతలో ఏళ్ళ తరబడి బతికిన చెవులవి. నాకు ఎనిమిదేళ్ళు వచ్చేసరికి కుడి చెవి పోయింది, కొద్ది నెలలకే ఎడమదీ పోయింది. ఈ సంగతి మా ముగ్గురికే తెలుసు. బయటపడితే పని పోతుంది. తూటాలు పేలే గుట్ట మీదికి చెవిటివాణ్ణి ఎవరు రానిస్తారు? అప్పుడు మా అమ్మ చంద్రమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. కొబ్బరికాయ కొట్టి పసుపు పెట్టిన బండ మీద ఆడది కాలు పెట్టకూడదని మావాళ్ళ కట్టుబాటు. ఆడవాళ్ళు కిందే ఉండి, రాలిన రాతి ముక్కలు తట్టల్లో మోసేవాళ్ళు. అమ్మ బండ పక్కనే నేల మీద తట్ట పెట్టుకుని, ముక్కలు ఏరుతున్నట్టు కూర్చుని, చీలల గొంతు వినేది. ముక్కు గోక్కుంటే ఇంకా కొట్టమని, కొంగు తల మీదికి లాక్కుంటే ఆపమని అర్థం. రెండేళ్ళు అలా నడిచింది. అమ్మ ముక్కు ఎర్రగా కందిపోయిన రోజులున్నాయి. ఇంటికొచ్చి తలుపేసుకున్నాక అమ్మా నేనూ నవ్వుకునేవాళ్ళం. నాయిన మాత్రం నవ్వేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం అమ్మ నీళ్ళకని బావికి పోయింది. అన్నం తీసుకెళ్ళిన నేను చెట్టు కింద ఉన్నాను. తూటా అంటించే ముందు "తూటా! తూటా!" అని మూడుసార్లు అరుస్తారు. ఎక్కడి పనిముట్లు అక్కడ వదిలి అందరూ పరుగెత్తాలి. అరిచారు. పరుగెత్తారు. నాయిన ఒక్కడూ అటు తిరిగి కూర్చుని తాపీగా గుంట తొలుస్తున్నాడు.

"ఆపుండ్రి! మా నాయినకు ఇనవడది! మా నాయినకు చెవులు ఇనరావు!"

అంత గొంతు నాలో ఉందని నాకే తెలియదు. నిప్పు పట్టుకున్న మనిషి అక్కడే ఆగిపోయాడు. నేను పోయి నాయిన చెయ్యి పట్టి లాగాను. నాయిన బతికాడు. సంగతి గుట్టంతా తెలిసిపోయింది.

మేస్త్రి గుంటూరు వైపు మనిషి, చెడ్డవాడు కాదు. సాయంత్రం మా గుడిసె ముందుకొచ్చాడు. నాయిన అక్కడే ఉన్నా అమ్మతోనే మాట్లాడాడు. "చూడమ్మా, రేపేదైనా జరిగితే నా మెడకు చుట్టుకుంటుంది. సమ్మెట వదిలేసి పనిముట్లకు కాపలా ఉండమను. కూర్చునే పని, కష్టమేం లేదు."

నాయిన నన్ను అడిగాడు, "ఏమంటుండే?"

నేను ఆయన మొహంలోకి చూస్తూ, పెదవులు చూసి తెలుసుకునేలా నిదానంగా చెప్పాను.

"కాపలనా? రేపు బండ మీదికి వస్త. చూసి మాట్లాడుమను."

ఆ పూట నేను అన్నం ముట్టలేదు. నా నోటి వల్లే నాయిన పని పోయిందని కుమిలిపోయాను. ఆయన పక్కన కూర్చుని ముద్ద కలిపి పెట్టాడు. "నువ్వు ఒర్లకపోతే ఇయ్యాల నేను బొందల ఉండెటోన్ని. తప్పు నీది గాదు బిడ్డా. దాచినోన్ని నేను. ఇగ దాచుడు లేదు."

మర్నాడు ఆయన బండ ఎక్కి, కింద ఉన్న అమ్మను పిలిచాడు. "చెప్పులిడిచి మీదికి రా."

మా పెదనాయిన, నాయినకు సొంత అన్న, అడ్డం వచ్చాడు. "ఆడిదాన్ని బండ మీదికి ఎక్కిస్తవారా? కులపోల్లు ఏమంటరు?"

నాయినకు వినిపించలేదు. వినిపించినా అంతే.

అమ్మ ఎక్కింది. నేను కింద ఆమె చెప్పుల దగ్గర నిలబడ్డాను. నాయిన చీలలు దించి కొట్టడం మొదలుపెట్టాడు. మూడోసారి వరస తిరిగేసరికి ఒక చీల ముందే బిగిసినట్టుంది, అలవాటుకొద్దీ అమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. నాయిన సమ్మెట కింద పెట్టేశాడు.

"కొంగు గాదు. చెయ్యెత్తి చెప్పు. అందరు చూడనీ. నాకు ఇనవడది, అయితే ఏంది?"

తన గొంతు తనకు వినపడని మనిషి కదా, ఆ మాట గుట్ట అవతలికి కూడా వినపడి ఉంటుంది. అమ్మ చెయ్యెత్తింది. ఈ చీల, ఆ చీల, దీనికి ఒకటి, దానికి రెండు అని వేలితో చూపించింది. చివరికి అరచెయ్యి అడ్డం పెట్టింది. నాయిన బీడీ వెలిగించుకుని కూర్చున్నాడు. అందరూ పని ఆపి నిలబడ్డారు. బీడీ సగమైంది. "పగలదు," అన్నాడు పెదనాయిన. అప్పుడు బట్ట చిరిగినట్టు సన్నగా ఒక చప్పుడు. నాయిన అమ్మ మొహం చూసి బీడీ పారేశాడు.

కడీ గీసిన గీత వెంట తిన్నగా విడింది. మేస్త్రి దాని పొడవునా నడిచి, వంగి చేత్తో తడిమి చూశాడు. "బాగానే ఉంది. తూటా వేళకు మాత్రం పక్కన మనిషి ఉండాలి మరి."

"ఉన్న గదా," అంది అమ్మ.

ఆ తర్వాత నాలుగేళ్ళు ఇద్దరూ కలిసే బండలు విడదీశారు. మావాళ్ళు కొందరు మమ్మల్ని పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు. నాయిన పిలవని పెళ్ళిళ్ళకూ వెళ్ళి, ముందు బంతిలో కూర్చుని తిని, వధూవరుల్ని దీవించి వచ్చాడు. లేచి పొమ్మనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

డెబ్బైల చివర్లో నాయినకు దగ్గు పట్టుకుంది. దవాఖానలో డాక్టరు అమ్మనూ పెదనాయిననూ నన్నూ పక్కకు పిలిచి, ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్మే ఉందని, ఇక తగ్గదని, ఆ మాట ఆయనకు తెలియనివ్వొద్దని చెప్పాడు. వినపడని మనిషి దగ్గర దాచడం ఎంత సులువు! మొహం అటు తిప్పుకుంటే చాలు. అమ్మ తిప్పుకుంది. ఆమె చెయ్యి లేవలేదు. చెప్పొద్దని పెదనాయిన నాకు సైగ చేశాడు. మంచం మీద నుంచి నాయిన మా ముగ్గురినీ చూశాడు.

"బిడ్డా, నువ్వు చెప్పు."

నాకు పద్నాలుగేళ్ళు. వెళ్ళి, నా పెదవులు ఆయనకు కనిపించేలా ఎదురుగా కూర్చున్నాను. వార్డంతా వినపడేలా చెప్పాను. "నాయినా, ఇది తగ్గదట."

ఆయన నన్నే చూశాడు. నేను కళ్ళు దించుకోలేదు. ఆయన చెయ్యి నా తల మీదికి వచ్చింది. "సక్కగ చెప్పినవ్. లే, ఇంటికి పోదాం."

మూడు నెలలు ఇంట్లోనే ఉన్నాడు. ఆ మూడు నెలలూ ఆయన ముందు ఎవరూ అబద్ధపు మొహం పెట్టుకోలేదు. చెప్పుకోవాల్సినవన్నీ చెప్పుకున్నాం. పోట్లాడుకోవాల్సినవి పోట్లాడుకున్నాం. ఆయన చెయ్యి పట్టుకుని అమ్మ ఆయన ఎదుటే ఏడ్చింది, చాటుకు పోయి కాదు. అంతకంటే ప్రేమగా బతికిన రోజులు నాకు గుర్తు లేవు.

నా నోరు పెద్దదని అత్తవారింట్లో అన్నారు, ఆఫీసులో అన్నారు, ఇప్పుడు మా కోడలు నవ్వుతూనే అంటుంది. ఎవరి సంగతైనా పక్కకు పిలిచి గుసగుసగా చెబితే నేను వినను, వాళ్ళ ఎదుటే చెప్పమంటాను. జర మెల్లగా మాట్లాడమని నాకు సలహా ఇచ్చేవాళ్ళకు కొదవ లేదు. ఇది వినపడని మనిషికి వినిపించాలని పెరిగిన గొంతు. ఆయన విన్నాడు. మిగతావాళ్ళ కోసం దీన్ని తగ్గించను.