సూది అక్కర లేదని చెప్పింది నేనే

శ్రావణమాసం రెండో మంగళవారం, మధ్యాహ్నం రెండుంబావు. కోరుట్లలో, మా అన్న ఇంటి అరుగు మీద అబద్ధమాడాను. నాలుగేళ్లుగా అది నా గొంతులోనే ఉంది. ముద్దతోపాటు దిగదు, మాటతోపాటు బయటికి రాదు. ఇది చదివే నీవెవరో నాకు తెలియదు. అందుకే నీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు విప్పే ధైర్యమే ఉంటే ఈ కాగితంతో పనేముంది?

నేను సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపి ముసలివాణ్ణయ్యాను. యాభై దాటాక వయోజనుల బడిలో ఆడవాళ్ల పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. మా అన్న నర్సయ్య నవ్వాడు. గల్ఫ్‌లో పదిహేనేళ్లు సిమెంటు బస్తాలు మోసి వచ్చిన మనిషి. ఆయనకూ చదువు రాదు, కానీ ‘ఏలిముద్రోడు’ అని పేరు పెట్టింది మాత్రం నాకు. పదిమందిలో పిలిచేవాడు. నేను సంతకం నేర్చుకున్నాక కూడా మానలేదు.

అన్నకు మూత్రం ఆగిపోతే జగిత్యాల తీసుకుపోయాం. ప్రోస్టేటు క్యాన్సరన్నారు. అక్కడి డాక్టరు ఓపిక గల మనిషి. కాగితం వెనక బొమ్మ గీసి చెప్పాడు. మగ హార్మోను రక్తంలో కణం దగ్గరికి వస్తుందట. దాని కోసమే లోపల ఒక చోటు కాచుకొని ఉంటుందట. అది అక్కడ కూర్చోగానే కణానికి ‘పెరుగు’ అని హుకుం అందుతుందట, ఒకరి నుంచి ఒకరికి కబురు పోయినట్టు. మూడు నెలలకోసారి సూది వేస్తే హార్మోను తయారుకాదు, హుకుం అందదు, కణం పడుకుంటుంది. చావదు, పడుకుంటుంది. ఆ మాట రెండుసార్లు అన్నాడు. సూది ఆపితే లేస్తుంది. లేచి ఎముకకు పాకితే అది ఎముకను తింటుంది, కరిగే ఎముక దాన్ని ఇంకా పెంచుతుంది. ఏదో ఒకనాటికి హుకుం లేకున్నా తనంత తాను పెరగడం కూడా నేర్చుకుంటుందని చెప్పాడు.

అర్థం కాలేదని చెప్పుకునే వీలు నాకు లేదు. పేక దారం తెగితే సాంచాను ఆపడానికి ఒక కమ్మి ఉంటుంది. బట్ట మీటర్లు ఎక్కువ పడాలని దాన్ని నేనే తీగతో కట్టేసేవాణ్ణి. ఆగాల్సింది ఆగకపోతే ఏమవుతుందో ఆ గదిలో నాకంటే ఎవరికి తెలుసు?

మూడు సూదులు పడ్డాయి. అన్నకు ఒంట్లో మంటలు, చెమటలు, ఛాతీ వాపు. అంగీ లేకుండా నల్లా దగ్గరికి రావడం మానేశాడు. మనిషి సిగ్గుతో కుంగిపోయాడు. ఆ మంగళవారం రక్తపరీక్ష కాగితం చూపించి రమ్మని నన్ను ఒక్కణ్ణే జగిత్యాల పంపారు. రోగం ఎంతుందో చెప్పే అంకె బాగా దిగిందని డాక్టరు సంతోషించాడు. సూది మాత్రం ఆపొద్దన్నాడు, గురువారం తీసుకురమ్మన్నాడు. నేను కోరుట్ల బస్సెక్కాను.

అరుగు మీద వదినె లచ్చవ్వ బీడీలు చేస్తోంది. అన్న కూతురు సునీత ఆకు కత్తిరిస్తోంది.

“ఏమున్నదిరా గా కాయితంల? సదువు సూద్దాం, ఏలిముద్రోడా,” అన్నాడు అన్న.

“మస్తు దిగిందన్నా. సున్న పక్కన చుక్క పడ్డది.”

“అంటే పోయినట్టేనా?”

“పోయినట్టే.”

“మరి సూది?”

“అక్కర లేదన్నడు.”

అన్న నా మెడ చుట్టూ చెయ్యి వేశాడు. “సూడే లచ్చవ్వా! మా ఇంట్ల సదువుకున్నోడు గీడేనే. సునీతా, కాకకు చాయ్ పెట్టు, చక్కెర బాగెయ్యి.”

“నిన్నటిదాంక ఏలిముద్రోడు, గియ్యాల పంతులయ్యిండా?” అని వదినె నవ్వింది.

ఆ మెడ మీది చెయ్యి కోసమా? అవును. ఆయన బాధ చూడలేకపోయానని ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను, అందులో కొంత నిజం కూడా ఉంది, కానీ ఆ నిమిషంలో నాకు తీపిగా తగిలింది ఆయన సుఖం కాదు, నా గొప్ప. అరవై రెండేళ్ల వయసులో నా నోటి నుంచి వచ్చే మాట కోసం అన్న ఎదురుచూశాడు. మంచి మాటే చెప్పాలనిపించింది. చాయ్ తాగాను. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

గురువారం దాటాక దవాఖాన నుంచి నా ఫోనుకే కాల్ వచ్చింది. సూది వేరేచోట వేయిస్తున్నామన్నాను. ఇంకోసారి చేస్తే ఎత్తలేదు.

ఏడాది తిరిగేసరికి అన్న నడుము పట్టేసింది. జగిత్యాల పోతే నా బండారం బయటపడుతుందని కరీంనగర్ తీసుకుపోయాను. ఎముకలకు పాకిందన్నారు. సూది మళ్లీ మొదలుపెట్టారు, రోగం ఇక దాని మాట వినలేదు. పడుకున్న మంచం మీద పక్కకు తిప్పితే అన్న కేకలు వీధి చివర వినిపించేవి. ఆరు నెలలకు పోయాడు.

సునీత జగిత్యాల పోయి, సూది ఆపించాడని జనం చూస్తుండగా ఆ డాక్టరును తిట్టి వచ్చింది. తాను ఆపమనలేదని ఆయన అన్నాడట. “మరి మా కాక అబద్ధమాడిండా?” అని అడిగిందట. ఆ సంగతి నాకే వచ్చి చెప్పింది.

ఎలాగూ ఒకనాటికి తనంత తాను పెరగడం నేర్చుకునేదే కదా ఆ రోగం, అని ఎన్నాళ్లో ఆ మాట చాటున దాక్కున్నాను. ఆ ఒకనాడు ఇంకెంత దూరంలో ఉండేదో ఎవరు చెప్పగలరు? దాన్ని దగ్గరికి లాగింది నేను. వదినె ఇప్పటికీ ఆ డాక్టరును తిడుతూనే బీడీలు చేస్తుంది. నేను పోతే కుర్చీ వేస్తుంది. నన్ను క్షమించమని నిన్ను అడగను, అది నీ చేతిలో లేదు. రాశాక ఊపిరి కాస్త లోపలికి పోయింది, అంతే. ఈ కాగితం వదినెకు ఇవ్వాలి. ఆమెకు చదవడం రాదు. నేనే చదివి వినిపించాలి.

ఆ మంగళవారం అరుగు మీద ఉన్నది మా అన్న నర్సయ్య, వదినె లచ్చవ్వ, కూతురు సునీత, నేను. డాక్టరు లేడు.