కరివేపాకు మొక్క మీది చీర

మా బ్లాకుకు రంగులు వేస్తున్నారు. కారిడార్‌లో కుండీలు ఉన్నవాళ్లు వాటిని కప్పి ఉంచాలని లిఫ్టు దగ్గర నోటీసు అంటించారు. మా గుమ్మం ముందున్నది ఒక్క కరివేపాకు మొక్క. బీరువా అడుగున పడివున్న పాత నేతచీర తీసి, కుండీలో నాలుగు వెదురుపుల్లలు గుచ్చి, గుడ్డ ఆకులకు తగలకుండా కప్పుతున్నాను. స్కూలుకు బయల్దేరిన మా అమ్మాయి లేసులు కట్టుకుంటూ చూసి నవ్వింది. "ప్లాస్టిక్ బ్యాగ్ వేసేయ్ లా అమ్మా, సో మచ్ ఈజియర్." ఈ దేశంలో పెరిగిన పిల్ల, మాటకు ఇక్కడి 'లా' తగిలించనిదే ఊరుకోదు. నా చెయ్యి ఆగిపోయింది. సరిగ్గా ఆ తెలివే ఒకప్పుడు నాకూ పుట్టింది.

మా పెద్దమ్మ వాళ్లు లంబసింగి దగ్గర ఉండేవారు. పెదనాన్న కాఫీ తోటలో గుమాస్తా. చలికాలం తెల్లవారేసరికి అక్కడ గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు పేరుకునేది. కాఫీ కాస్తుంది, మిరియం పాకుతుంది, కరివేపాకు మాత్రం బతకదు. పెద్దమ్మకేమో కరివేపాకు పడని చారు చారే కాదు. అందుకని పెదనాన్న నర్సీపట్నం నుంచి డాల్డా డబ్బాలో ఒక మొక్క తెచ్చారు. ఘాట్‌రోడ్డు మలుపుల్లో తన కడుపులోది బయటికొచ్చినా ఒళ్లో డబ్బాను మాత్రం ఒరగనివ్వలేదని వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవారు. ఆ మొక్కను పెద్దమ్మ మూడు చలికాలాలు దాటించింది. పొద్దు వాలగానే చుట్టూ పాతిన కర్రల మీద మెత్తబడ్డ నూలుచీర కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టేది. ఎండ రాగానే తీసి ఆరేసేది. నూలైతేనే మొక్కకు ఊపిరాడుతుందట. ఇంట్లో మనుషులకు స్వెటర్లు లేకపోయినా మొక్కకు చీర ఉందని పెదనాన్న ఎగతాళి చేసేవారు.

నా పదమూడో ఏట సెలవులకు వెళ్లాను. ఒక సాయంత్రం పెద్దమ్మ పక్కింటివాళ్లకు సాయం వెళ్తూ, మొక్కను కప్పే పని నాకు అప్పగించింది. నాకు పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. తీగ మీంచి తీసిన చీర ఇంకా ఎండ వెచ్చదనంతో, పసుపు వాసనతో ఉంది. దాన్ని మడిచి నా బొంత కింద పరుచుకున్నాను. మొక్కకు కొత్త టీవీతో వచ్చిన ప్లాస్టిక్ కవరు బిగించి చుట్టాను. గాలి కూడా దూరదు కదా అని నా సైన్సు. సిగ్గుపడలేదు సరికదా, కాస్త గర్వపడ్డాను కూడా.

తెల్లారి చూస్తే కవరు లోపలి తడి గడ్డకట్టి, అది తగిలిన ప్రతి ఆకూ నల్లబడి వేలాడుతోంది. గబగబా కవరు పీకి దాచేశాను. పెదనాన్న వచ్చి, "ఎవరు కప్పారు?" అన్నారు. నేను నోరు విప్పలేదు. పెద్దమ్మ వంగి కాండం తడిమి చూసి, "నేనే. రాళ్లు సరిగ్గా పెట్టలేదు, చీర గాలికి లేచిపోయుంటాది" అంది. చిన్నపిల్లకు పని అప్పగించినందుకు తప్పు తనదే అనుకుందని సర్దిచెప్పుకున్నాను. ఆయన రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. మొక్క మళ్లీ చిగురించలేదు, వాళ్లు ఇంకొకటి తేలేదు. తర్వాత ఎప్పుడు వెళ్లినా చారులో ఎండిన కరివేపాకే తేలేది. అందరిలా దాన్ని కంచం అంచున తీసిపెట్టడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు. నమిలి మింగేసేదాన్ని.

ఈ పొద్దున అమ్మాయి స్కూలుకు వెళ్లాక, నేను ఎక్స్‌పో మెట్రో స్టేషన్‌లో దిగి ఆఫీసుకు వెళ్లకుండా బెంచీ మీద కూర్చుని పెద్దమ్మకు ఫోను చేశాను. పెదనాన్న పోయి నాలుగేళ్లయింది. అంతా చెప్పేశాను. అటునుంచి కుక్కరు కింద స్టవ్ కట్టేసిన చప్పుడు వినిపించింది.

"చీర నీ బొంత కింద దొరికింది కదే. నాకు తెలీదేటి?" అంది.

"మరి పెదనాన్నకు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వే చెప్తావని చూశాను." గొంతులో కోపం లేదు. "ఆయన పోయేదాకా చూశాను."

సాయంత్రం వచ్చి చీర తీశాను. ఒక్క ఆకు మీదా రంగు పడలేదు. ముప్పయ్యేళ్లుగా రేపు చెబుదాంలే అని నేను దాటేసిన రేపుల్లో, పెదనాన్న బతికున్నవి ఎన్నో ఉన్నాయి.