తేలిక రివాల్వర్ మీద నా ఫిర్యాదు

తుపాకుల దుకాణంలో గాజు బల్ల మీద రెండు రివాల్వర్లు పక్కపక్కన పెట్టి, యజమాని ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ అటు తిరిగిపోయాడు. కొనడానికి వచ్చినవాడికి వీపు చూపించడం ఏం మర్యాదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

రెండూ ముప్పై రెండు బోరువే. మా రైఫిల్ క్లబ్బులో ఇరవై రెండును చిన్న బోరనీ, దాని పైదాన్ని పెద్ద బోరనీ అంటారు. ఒకటి కొత్తది, తేలిక లోహంతో చేసింది, పట్టుకుంటే పట్టుకున్నట్టే ఉండదు. రెండోది ఎవరో పెద్దాయన అమ్మకానికి పెట్టిన పాత ఉక్కు రివాల్వర్. గొట్టం పొడుగు, ఎత్తితే బరువు భుజం దాకా తెలుస్తుంది. నా లైసెన్సులో ఒక్కదానికే చోటుంది.

పోటీలో అరవై తూటాలు కాల్చాలి. తేలికదైతే చివరిదాకా చెయ్యి అలసిపోదు. బరువుదైతే గురి మీద నిలబడుతుంది, పేలినప్పుడు ఎగిరిపడదు. నా మనసు బరువుదాని మీదే ఉంది. కానీ అమీర్‌పేటలో నాది జిరాక్స్, బైండింగు షాపు. పొద్దున్నించి కంప్యూటర్ కోర్సుల నోట్సు కట్టలు ఎత్తి దించి నా కుడి మణికట్టుకి అప్పటికే నొప్పి.

ఆ ఏడాది రాష్ట్ర పోటీలో పెద్ద బోరులోనైనా అర్హత స్కోరు అందుకుని తీరాలి. అంతకుముందు రెండేళ్లూ చిన్న బోరులో కొద్దిలో తప్పిపోయింది. రెండోసారి మా క్లబ్బు కార్యదర్శి అందరి ముందూ, "జిరాక్స్ సార్‌కి ఒరిజినల్ స్కోరు రావట్లేదు" అన్నాడు. నవ్వినవాళ్ల మొహాలు నాకు గుర్తున్నాయి. క్లబ్బులో ఉన్న ఒకే ఒక్క పెద్ద బోరు ఉక్కు రివాల్వర్ కోసం అతని మనుషుల వెనక వరుసలో నిలబడలేక సొంతం కొనుక్కుందామని వచ్చాను.

తేల్చుకోలేక ఉస్తాద్‌కి ఫోన్ చేశాను. పోలీసు శాఖలో ఆయుధాలు బాగుచేసి రిటైరైన మనిషి. పంజాగుట్టలో ఒక నగల షాపులో సెక్యూరిటీ సూపర్‌వైజరు, ఆదివారాలు మాకు షూటింగ్ నేర్పేవాడు. నేను రెండింటి మంచిచెడ్డలూ, మణికట్టు సంగతీ, కార్యదర్శి సంగతీ చెప్పుకుంటూ పోయాను. ఆయన అంతా విని ఒకే మాట అన్నాడు.

"గంత ఫికర్ ఎందుకు సార్, లైట్ తీస్కో."

నేను లైట్‌దే తీసుకున్నాను.

ఆ మాటకి పట్టించుకోవద్దని అర్థమని నాకు తెలియక కాదు. నా కౌంటరు దగ్గర పిల్లలు రోజూ అనేదే. ఫెయిలైనా లైట్ తీస్కో, ఇంటర్వ్యూ పోయినా లైట్ తీస్కో. అరవై దాటిన పోలీసు మనిషి నోట ఆ మాట వస్తుందని మాత్రం ఎవరనుకుంటారు?

మొదటి ఆదివారమే అర్థమైంది. ఊపిరి తీస్తే కదులుతుంది, గుండె కొట్టుకుంటే కదులుతుంది, ట్రిగ్గర్ మీద వేలు బిగిస్తే మొత్తం రివాల్వరే పక్కకి జరుగుతుంది. పేలినప్పుడు ఎగిరిపడుతుందని భయపడి, పేలకముందే నా చెయ్యి బెదరడం మొదలైంది. మూడు వారాల్లో మణికట్టు వాచింది, స్కోరు ఇంకా పడిపోయింది. దీనికంతటికీ శిక్షకుడి తప్పుడు సలహాయే కారణమని కమిటీకి రెండు పేజీల ఫిర్యాదు రాసిచ్చాను.

కమిటీ ఉస్తాద్‌ని పిలిచి అడిగింది. ఆయన తను ఏమన్నాడో, ఏ అర్థంలో అన్నాడో చెప్పాడు. కమిటీ అంతా నవ్వింది. కార్యదర్శి కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. నవ్వనిది ఉస్తాద్ ఒక్కడే.

మర్నాడు పొద్దున్న డ్యూటీకి వెళ్తూ నా షాపు ముందు స్కూటర్ ఆపాడు. నేను పలకరించలేదు. ఆయనే స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"తప్పు నాదే సార్. గా మాట మా షాపుల పోరగాళ్లు నేర్పిండ్రు. నీ అసుంటోనితోని అనొద్దుండె."

"నాలాంటివాడంటే ఏంటండీ?"

"ప్రతి మాట రాసుకునేటోడు," అన్నాడు, మొహంలో ఏ మార్పూ లేకుండా. "ఇంట్ల ఇస్త్రీ పెట్టె ఉన్నదా?"

అలా మొదలైంది. రోజూ ఎనిమిది గంటలకి ఆయన వచ్చేవాడు. నేను కౌంటరు వెనక నిలబడి, కరెంటు ఇస్త్రీ పెట్టెని చాచిన చేత్తో పట్టుకుని, ఎదురు గోడ మీది క్యాలెండరులో ఒక అంకెకి గురిపెట్టేవాణ్ని. వాపున్న రోజుల్లో ఐదు సార్లు, తగ్గాక ముప్పై సార్లు. నోట్సు కోసం వచ్చినవాళ్లు వింతగా చూస్తే, సార్‌కు బట్టలు గాల్లనే ఇస్త్రీ చేసే అలవాటున్నదని ఉస్తాద్ చెప్పేవాడు. ఆదివారాలు కార్యదర్శితో గొడవపడి క్లబ్బు ఉక్కు రివాల్వర్ ముందు నా చేతికే ఇప్పించాడు. ఆ బరువుకి చెయ్యి మొదట వణికింది, తరవాత కుదురుకుంది. చివరి పది తూటాలకి భుజం మండేది. అయినా రంధ్రాలు టార్గెట్ మధ్య నలుపులోనే పడేవి. కొనవలసింది ఏదో అప్పటికి ఇద్దరికీ తెలుసు గానీ ఆయన పైకి అనలేదు. అందుకు ఆయనకి నేను రుణపడి ఉన్నాను.

పోటీ రోజు అరవయ్యో తూటా పేల్చి క్లబ్బు రివాల్వర్ బల్ల మీద పెట్టేసరికి నా చెయ్యి నాది కాదు. లెక్క వేశారు. అర్హతకి ఒక్క పాయింటు తక్కువ.

నాకు ఫిర్యాదు చేసే ఓపిక కూడా లేకపోయింది. జీవితంలో అదొక్కసారే. ఉస్తాద్ మాత్రం టార్గెట్ కాగితాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని, ఎనిమిది వేసిన ఒక రంధ్రాన్ని చూపించాడు. అంచు తొమ్మిదో గీతని తాకినట్టే ఉంది. గీత తాకితే తొమ్మిదివ్వాలని రూలు. అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వాలన్నారు.

"రాయి సార్," అన్నాడు, పెన్ను నా చేతిలో పెట్టి. "ఫిర్యాదు నీలెక్క ఎవ్వరు రాస్తరు?"

ఆ చేత్తోనే అర పేజీ రాశాను, ఒక్క కొట్టివేత లేకుండా. ఆయన చదివి, అడక్కుండానే నా సంతకం కింద తన సంతకం పెట్టాడు. నా ఫిర్యాదు మీద ఇంకొకరి సంతకం పడడం అప్పటిదాకా లేదు.

జడ్జి ఆ రంధ్రంలో కొలత పుల్ల పెట్టి, భూతద్దంతో చాలాసేపు చూశాడు. ఎనిమిది కొట్టేసి తొమ్మిది వేశాడు. పని అయిపోయింది గనక నా అభ్యంతరం కాగితం తిరిగి ఇచ్చేశాడు. ఉస్తాద్ దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎన్నిసార్లు అడిగినా కాపీ తీసుకోవడానికి కూడా నాకు ఇవ్వలేదు.