కార్డు వెనక రాతలు

పోయిన నెల కాలం చేసిన మా పిన్ని గ్రంథాలయంలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసింది. అక్కడ పుస్తకానికో కార్డు. ముందువైపు పేరు, రచయిత, విషయం, బీరువా నంబరు. వెనకవైపు ఖాళీగా ఉండాలి; పిన్ని ఉంచేది కాదు. పుస్తకం తిరిగిచ్చేవాళ్ళు బల్ల దగ్గర చెప్పిన మాటల్ని పెన్సిలుతో, చీమ తలకాయంత అక్షరాల్లో రాసుకునేది. "నర్సు సగంలో మానేసింది, మళ్ళీ అడిగి తీసుకెళ్ళింది." "నలభై పేజీలు ఓర్చుకున్నాక దర్జీ ఏడ్చాడట." ఎవరైనా వచ్చి ఏదన్నా మంచిది ఇవ్వమంటే వాళ్ళ ముఖం చూసి, నాలుగు కార్డులు తిరగేసి, ఒక పుస్తకం చేతిలో పెట్టేది.

ఆ కార్డుల్ని కంప్యూటర్లోకి ఎక్కించే పని నాకు దొరికింది. ఇప్పించింది పిన్నే.

"వెనకవైపు కూడా ఎక్కించరా."

"దానికి గడి లేదు పిన్నీ."

"ఓ గడి గీయలేవూ? ఇంత చదువూ చదివి!"

"దర్జీ ఏడిస్తే కంప్యూటరుకేం పట్టింది?"

"పోనీ, నెల రోజులాగు. నోటుబుక్కులో దించుకుంటా."

సరేలే అన్నాను. అన్నానే గానీ పై అధికారి చెవిన వెయ్యలేదు. గడువుకు ముందే ముగించాడన్న పేరు మీద ఆశ. పిన్ని జ్వరంతో సెలవు పెట్టిన వారంలో కార్డులన్నీ చిత్తుకాగితాల బండికి ఎత్తించేశాను.

తిరిగొచ్చి కార్డుల సొరుగు లాగి చూసింది. "తేలిగ్గా జారుతోందిరా ఇప్పుడు," అంది.

తర్వాత రెండేళ్ళు ఆ బల్ల దగ్గరే కూర్చుంది. జనం తెర మీద వెతుక్కుని, నంబరు చీటీ ఇచ్చి, పుస్తకం పట్టుకుపోయేవారు. ఎవరూ ఆగేవారు కాదు.

ఉద్యోగం మానాక ఒకసారి ఫోన్ చేసింది. "గుర్తున్నవి చెప్తా, రాసిపెడతావా?" తీరిక చూసుకుని వస్తానన్నాను. వెళ్ళలేదు. ఆ రోజుల్లో సాయంత్రాలన్నీ ఫోను తెరని పైకి నెట్టుకుంటూ గడిపాను. ఏం చూశానో ఒక్కటీ గుర్తులేదు.

మొన్న బాబాయి, "ఇల్లు మింగేసేలా ఉందిరా, చదువుకోడానికి ఏదన్నా తెచ్చిపెట్టు," అన్నాడు. గ్రంథాలయానికి వెళ్ళి నేను ఎక్కించిన జాబితాలోనే వెతికాను. 'భార్యావియోగం' అని కొడితే అరక్షణంలో రెండు వందల పన్నెండు పేర్లు వచ్చాయి. పేరు బాగుందని మూడోది తీసుకెళ్ళాను.

బాబాయి పది పేజీలు చదివి బోర్లించాడు.

"మీ పిన్నయితే నాకిది ఇచ్చేది కాదురా," అన్నాడు.