ఎల్లయ్య డప్పు ఎవ్వరు ముట్టలే

జొన్నసొప్ప మంట మీద డప్పు తోలు కాగే వాసన తగిలితే ఇప్పటికీ నా కడుపు మండుతది.

నిజాం రాజ్యం పోయిన కొత్తల్ల, మా బోథ్ దిక్కు ఎల్లయ్య డప్పు కొడితే ముసలోళ్లు సుత ఎగిరేది. ఆయన సచ్చిపోయిన నాడు ఊరంత వచ్చి ఏడ్చింది.

"నా పెండ్లిల ఎట్ల కొట్టిండు!"

"గసొంటి చెయ్యి మల్ల పుట్టదు!"

కొడుకులిద్దరు పాడె ఎత్తుకున్నరు. ముంగట కొట్టెటోడు లేడు. డప్పు గోడకే ఉన్నది. కాగితెనే అది పలుకుతది, సల్లగున్నదని ఎవ్వరు కొడ్తలేరనుకున్న. చిన్నపోరిని నాకేం ఎరుక? మంట కాడ మంచిగ కాపి మా బాపుకు అందించిన.

"కాగింది బాపూ, కొట్టు."

బాపు చెయ్యి ఎనుకకు గుంజుకున్నడు. "పారెయ్యి పోరీ! అది మనం ముట్టేదా? పోయి తానం చెయ్యి!"

గప్పటిదాక ఏడ్చినోళ్లంత నాకు దూరం జరిగిండ్రు.

ఎల్లయ్య పెండ్లాం లేచొచ్చి నా చేతులకెల్లి డప్పు తీస్కున్నది. "ఇటియ్యి బిడ్డా. వీళ్లకు ఇనుడే ఎరుక." మొగని పాడె ముంగట తనే కొట్టుకుంట నడిచింది.

నా మొగడు పోయినంక నాకు సమజైంది. ఎల్లయ్య పోయిన నాడు ఏడుపంత గా ఊరోళ్లే ఏడ్చిండ్రు. ఆమెకు ఏడ్వనీకె చెయ్యి ఖాళీ లేకపాయె.