జలపాతం దగ్గర చోటు

మా ఆయనకు వినికిడి పోయి అప్పటికి ఎనిమిది నెలలు. జ్వరం తగ్గిన వారానికి ఒక చెవి, తర్వాత రెండోది. తిరుపతిలోనూ చెన్నైలోనూ చూపించాం. చెవికి మిషను పెట్టినా లాభం లేదన్నారు. బళ్ళో లెక్కలు చెప్పే మనిషి, సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నారు. నేను చెప్పాలనుకున్నది పుస్తకంలో రాసి చూపిస్తాను. ఆయన నోటితోనే బదులిస్తారు, గట్టిగా.

ఒకరోజు ఉన్నట్టుండి అన్నారు: "సత్యవేడు కాడ అడవిలో నీళ్లు పడతాయే, పెండ్లయిన కొత్తలో పోయింటిమి, ఆడికి పోదాం. అంత పెద్ద శబ్దమైతే వినపడతాదేమో."

వద్దని రాయడానికి చెయ్యి రాలేదు. పక్కింటివాళ్ళ టెంటు అడిగి తీసుకుని, బస్సెక్కి, ఆటో మారి, మధ్యాహ్నానికి చేరాం.

"ఈడ బుకింగులు ల్యావమ్మా. ముందొచ్చినోళ్లకి ముందు. యాడ ఖాళీ ఉంటే ఆడ ఏసుకోండి" అన్నాడు కాపలా మనిషి.

నీళ్ల దగ్గరున్న ఒక్క చదును చోటులో నాయుడుపేట నుంచి వచ్చిన కుటుంబం అప్పటికే టెంటు వేసుకుంది. మిగిలింది ఎక్కడో వెనక, చెట్ల మధ్య. అక్కడ నాకే జలపాతం సరిగ్గా వినిపించడం లేదు. ఆయన సంచి దించకుండా కాసేపు నిలబడి, "ఇది చాల్లే" అన్నారు.

నేను ఆగలేక ఆ కుటుంబంలోని ఇల్లాలి దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాను. ఆమె మాట పూర్తికానివ్వలేదు. "మీరు ఈడికి రండక్కా, మేం ఎనక్కి పోతాం" అని భర్తను పిలిచింది. ఇద్దరూ మేకులు పీకుతుంటే, పిల్లలు మా ఆయన చెవుల వంకే చూస్తూ నిలబడ్డారు. ఆయన అది గమనించారు.

"ఏం చెప్పినావు వాళ్లకి?"

ఉన్నదే చెప్పానని రాశాను.

"నా చెవుడు చెప్పి అడుక్కుంటివా?" తన గొంతు ఎంత పెద్దదో ఆయనకు తెలియదు. అందరికీ వినిపించింది. ఆ ఇల్లాలు తల వంచుకుని దుప్పట్లు మడుస్తూ ఉండిపోయింది. నాకు సిగ్గేసింది. కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

వాళ్ళు ఖాళీ చేసిన చోట నేనే మా టెంటు వేశాను. సాయంత్రం దాకా ఆయన నీళ్ల అంచున బండ మీద కూర్చున్నారు, కదలకుండా. పొద్దు వాలుతుండగా పక్కన చేరి, వినిపిస్తోందా అని రాసి చూపించాను. అరచెయ్యి బండకు ఆనించి అన్నారు:

"లేదు. బండ వణుకుతాంది. అంతే."

తర్వాత, ఈసారి మెల్లగా: "ఆ శబ్దం ఎట్లుండాదో రాసి చూపించు."

వాన లాగా అని రాసి, కొట్టేశాను. ఇంకేదో రాసి, అదీ కొట్టేశాను. ఆయన పుస్తకం తీసుకుని కొట్టేసిన మాటలు కూడా చదివి తిరిగి ఇచ్చారు.

పొద్దున్నే టెంటు విప్పుతుంటే ఆ ఇల్లాలు రెండు గ్లాసుల్లో టీ తెచ్చింది. "ఇనపడిందా అక్కా?" అని అడిగింది. తల అడ్డంగా ఊపాను. నా చెయ్యి పట్టుకుంది. మా ఆయన ఆమెకు నమస్కారం పెట్టి, "నిన్న అరిచినాను, ఏమనుకోవద్దమ్మా" అన్నారు.

మరుసటి వారం ఆయన ఉద్యోగం వదులుకుంటున్నట్టు కాగితం రాసి, తప్పులుంటే చూడమని నాకిచ్చారు. రెండుసార్లు చదివాను. తప్పులేమీ లేవు.